కాయలు కాయని తోట

మైలవరం వాళ్ళకి బెజవాడ అంటే పని. పనిలేకుండా బెజవాడ వెళ్ళిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆస్పత్రి పని, కోర్టు పని, పెళ్ళిబట్టలకని వన్‌టౌన్‌లో వస్త్రలత పని, అమ్మవారి మొక్కు పని, బీసెంటు రోడ్డులో గాజుల దగ్గర్నుంచి గ్యాసుపొయ్యి దాకా నానా పనులు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి కలెక్టరుగారు కూడా అక్కడే కొలువు తీరాక, అంతకుముందు బందరు పోవలసిన కాగితాల పనులు కూడా వచ్చి చేరాయి. ఓ నలభై కిలోమీటర్ల దారి. పొద్దున్నే బస్సెక్కడం, పని చూసుకోవడం, ఎండ తలకెక్కకముందే ఒక నిమ్మకాయ సోడా తాగి తిరుగుబస్సు పట్టుకోవడం. "బెజవాడ ఎందుకెళ్ళావమ్మా?" అని ఎవరైనా అడిగితే ఠకీమని జవాబు చెప్పగలగాలి. తడబడ్డామో, మా వీధిలో రెండురోజుల పాటు అదే మాట.

పూర్వం ఇలా కాదట. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో మా రాజావారి ప్రాపకంలో బాలభారతీ నాటక సమాజం ఉండేది. మన వాళ్ళు అక్కడికి వెళ్ళి నాటకాలాడితే బెజవాడ జనం కూర్చుని చూసేవారని మావారు చెబుతారు. "అంటే అప్పట్లో బెజవాడకి వినోదం మన ఊరినుంచే ఎగుమతయ్యేదన్నమాట" అని మీసం మీద చెయ్యి వేస్తారు. మావారికి మీసం లేదు. ఊరి గొప్ప వచ్చినప్పుడు మాత్రం చెయ్యి దానంతట అది అక్కడికి పోతుంది.

అటువంటి ఇంట్లో, మొన్న మాఘమాసంలో మావారు భోజనాల దగ్గర, "ఈ ఆదివారం అందరం బెజవాడ పార్కుకి పోయొద్దాం" అన్నారు.

అత్తయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఎవరికి ఒంట్లో బాగాలేదురా?" అన్నారు.

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. ఊరికే. కాసేపు కూర్చుని వద్దాం."

"కూర్చోడానికి బెజవాడ దాకానా? మన అరుగేం చేసింది?"

అత్తయ్యకు ఎనభై దాటాయి. మామిడితోట ఉన్న ఇంట పుట్టి, మామిడితోట ఉన్న ఇంటికి కోడలిగా వచ్చారు. మైలవరం, రెడ్డిగూడెం, నూజివీడు, ఈ చుట్టుపక్కలంతా మామిడే కదా. ఆవిడకు తోట అంటే పూత, పిందె, కాపు, బేరం. మాఘమాసం అంటే చెట్లు పూతమీద ఉండే రోజులు. మంచు పడితే ఒక బెంగ, తేనెమంచు పురుగు తగిలితే ఇంకో బెంగ. అటువంటి రోజుల్లో తోటని వదిలి ఇంకో తోట చూడటానికి పోవడమేమిటి? అదీగాక వనభోజనాలంటే కార్తీకంలో, ఉసిరిచెట్టు కింద. మాఘంలో వనభోజనాలు ఏ పంచాంగంలో ఉన్నాయి?

"పార్కంటే తోటేగా? అందులో ఏం కాస్తాయి?"

"ఏమీ కాయవమ్మా."

"కాయలు కాయని తోటకి డబ్బిచ్చి పోతారా జనం!" అని అత్తయ్య మజ్జిగ పోసుకున్నారు.

అసలు సంగతి మావారు చెప్పలేదు గాని, నాకు అర్థమైంది. అత్తయ్యకూ అర్థమయ్యే ఉంటుంది. అసలు సంగతి మా ఆడపడుచు.

ఇంట్లో అందరం చిట్టి అంటాం. అత్తయ్యకు నలభయ్యోపడిలో పుట్టిన కడగొట్టు పిల్ల. బెజవాడ సింగ్‌నగర్‌లో చిన్న డాబా ఇల్లు. బ్యాంకు అప్పు ఇంకా నడుస్తోంది. వాళ్ళాయన ఆటోనగర్‌లో లారీల మెకానిక్కు. చిట్టి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజంతా కురిసిన వాన ఇంకా వెలవకముందే, తెల్లారేసరికి వాళ్ళ గడపలోకి నీళ్ళు వచ్చాయి. మధ్యాహ్నానికి గుండెలోతు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని పక్కింటి మేడమీదికి చేరారు. అయిదురోజులు అక్కడే. పాలపాకెట్లు పడవలో వచ్చేవి, పులిహోర పొట్లాలు ఆకాశంలోంచి డ్రోన్లు దించేవి. పిల్లాడు ఆ అయిదురోజులూ డ్రోన్లు లెక్కపెట్టాడట. చిట్టి లెక్కపెట్టింది వేరు. శ్రావణమాసం వెళ్ళే రోజులు కావడంతో నోముల జాకెట్లు, పెళ్ళిళ్ళ జాకెట్లు, కుట్టినవి కుట్టనివి అన్నీ కలిసి మూటలు మూటలు. నీళ్ళు తీశాక ఎవరి గుడ్డ ఏదో తెలియని బురదముద్ద. ఒక్కొక్కరికీ గుడ్డ ఖరీదు కట్టి ఇచ్చేసరికి ఆరునెలలు పట్టింది. "వద్దులేమ్మా" అన్నవాళ్ళకి కూడా ఇచ్చింది.

ఆ తరవాత ఆ పిల్ల మనిషి కాలేదు. వాన శబ్దం వినబడితే అర్ధరాత్రి లేచి గడప చూసుకుంటుంది. అమ్మవారి గుడికి కూడా కృష్ణ కనపడే దారిన పోదు. పుట్టింటికి వస్తే రెండో రోజే, "వదినా, ఇంటి దగ్గర ఎవరూ లేరు" అని వెళ్ళిపోతుంది.

ఇందులో మా అత్తయ్యకు ఇంకో ముల్లు ఉంది. బుడమేరు మాది. మైలవరం చుట్టూ ఉన్న కొండల్లోనే పుడుతుంది. వేసవిలో దాన్ని చూపించి, ఇదే బెజవాడ దుఃఖదాయని అంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. అత్తయ్య కొత్త కోడలిగా ఎద్దుబండిలో దాన్ని దాటి వచ్చారట. ఎద్దులు మధ్యలో ఆగి నీళ్ళు తాగేంత నిదానం దానిది. కిందికి పోగాపోగా బలం పుంజుకుని, పూర్వపు దారినైతే సింగ్‌నగర్ పక్కగా సాగి చివరికి కొల్లేట్లో పడుతుంది. ఆ దారిన వరద ఊరిమీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కణ్ణుంచి ఒక మళ్ళింపు కాలువ తవ్వి నీటిని కృష్ణలోకి తిప్పారు. ఆ సెప్టెంబరులో పైన మా కొండలమీద కుంభవృష్టి, అవతల కృష్ణ నిండుగర్భిణి. కాలువకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చెయ్యి వేస్తే, ఆఖరి గండి పూడేసరికి 7వ తేదీ, వినాయకచవితి. ఆ చవితికి మేం పత్రి కొయ్యలేదు.

"మన ఏరే మన పిల్లని ముంచింది" అని అత్తయ్య అప్పటినుంచీ పట్టుకున్నారు. ఇల్లు అమ్మేసి మైలవరం వచ్చెయ్యమని చిట్టికి ఫోను చేసినప్పుడల్లా అదే పాట. చిట్టి సమాధానం చెప్పదు. ఫోను నా చేతికొచ్చేసరికి ఇద్దరి ముక్కుల శబ్దం మాత్రం వినబడేది.

ఏ పార్కుకి పోవాలన్నదాని మీద రెండురోజులు సభ జరిగింది. నేను గాంధీకొండ అన్నాను. పూర్వం ఓర్ కొండ అనేవారు. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు ఆవిష్కరించిన గాంధీ స్తూపం, 52 అడుగులది, దానిమీద ఉంది. ఊరంతా కనిపిస్తుంది. "అమ్మ మోకాళ్ళో?" అన్నారు మావారు. బందరు రోడ్డులో స్మృతివనం అన్నాను. ఒకప్పటి పి.డబ్ల్యు.డి. గ్రౌండ్సు అది. ఎగ్జిబిషన్లు, పుస్తకాల పండుగ, నాయకుల ఉపన్యాసాలు అన్నీ చూసిన మైదానం. 2024 జనవరి 19న అక్కడ 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబడింది. "అది తప్పకుండా చూద్దాం, ఇంకో ఆదివారం. ఇప్పుడు నీళ్ళున్న చోటే కావాలి" అన్నారు. మావారు సోషల్ మేష్టారుగా రిటైరయ్యారు. ఒకసారి పాఠం అనుకున్నాక ప్రిన్సిపాలు చెప్పినా మార్చేవారు కాదు. ఇక నేనెంత?

అలా భవానీ ద్వీపం నిశ్చయమైంది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ నడుమన, 133 ఎకరాల దీవి. బెజవాడ అంటే తెలుసుగా, ఒక పక్క కొండ, ఒక పక్క నది, ఊరి నడిబొడ్డునుంచే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. మిగిలిన జాగాలో మనుషులు. ఊపిరి పీల్చుకోవడానికి ఇంత పెద్ద చోటు ఆ ఊరికి నది మధ్యలోనే దొరికింది.

ఆదివారం తెల్లవారుజామునే అత్తయ్య తులసికోట దగ్గర సూర్యుడికి పాలు పొంగించి పరమాన్నం వండారు. మాఘ ఆదివారం మానకూడదు. నేను పులిహోర, పెరుగన్నం, కొబ్బరిపచ్చడి సర్దాను. జాడీలోంచి మాగాయ తీసి చిన్న సీసాలో పెట్టాను. ఫ్లాస్కులో కాఫీ. "కాసేపు కూర్చుని రావడానికి ఇన్ని గిన్నెలా?" అని మావారు, "మీరు మోస్తారుగా" అని నేను.

బస్సులో ఇంకో వేడుక. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు డబ్బుల్లేవు. కండక్టరు నాకూ అత్తయ్యకూ సున్నా టిక్కెట్లు చింపి, మావారి దగ్గర మాత్రం డబ్బు పుచ్చుకున్నాడు. అత్తయ్య ఆ సున్నా కాగితాన్ని మడిచి ఆధార్ కార్డుతోపాటు రొండిన దోపారు. "ఇన్నాళ్ళకి వీడి టిక్కెట్టు మనం కొనక్కర్లేని రోజు వచ్చిందే" అన్నారు నాతో రహస్యంగా. బస్సంతటికీ వినబడింది.

జి. కొండూరు దాటాం. అత్తయ్య కిటికీలోంచి చూస్తున్నారు, దారిపక్క మామిళ్ళలో పూత ఎంత ఉందో, ఎవరు మందు కొట్టారో ఎవరు కొట్టలేదో అంచనా వేస్తూ. వెలగలేరు వైపు దారి వచ్చినప్పుడు మావారు చెయ్యి చూపించారు. అత్తయ్య తల తిప్పుకున్నారు. కొండపల్లి కోట కొండ, ఇబ్రహీంపట్నంలో థర్మల్ పొగగొట్టాలు, గొల్లపూడి, భవానీపురం. పున్నమి ఘాట్ దగ్గర ఆటో దిగుతూ చిట్టి, పదేళ్ళ మేనల్లుడూ కనిపించారు. వాళ్ళాయన రాలేదు. ఏదో లారీ ఇంజను దించారట, అది మళ్ళీ ఎక్కించందే కదలలేనన్నారట అన్నయ్యగారు.

చిట్టి నదికి వీపు పెట్టి నిలబడింది. నేను గమనించనట్టు కుశలప్రశ్నలు వేశాను. వాడేమో, "మావయ్యా, పడవ ఏదీ? మోటారుదా? ఎంత స్పీడు పోతుంది?" అని ఒకటే గొడవ.

అత్తయ్య మెట్లు దిగి మాఘస్నానం పేరుతో మూడు దోసిళ్ళు నెత్తిన పోసుకున్నారు. 2016 పుష్కరాల్లో మునిగిందే ఆఖరు. మళ్ళీ పుష్కరాలు 2028లో. "అప్పటిదాకా వాయిదాల మీద కానిస్తాను" అన్నారు. మావారికి నల్లబల్ల దొరికింది. "అమ్మా, ఇది ఒక్క కృష్ణే అనుకోకు. పైన ఇబ్రహీంపట్నం దగ్గర మన బుడమేరు మళ్ళింపు కాలువ ఇందులో కలుస్తుంది. 2015 నుంచి వరద రోజుల్లో పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్ళు తోడి పోస్తే అవీ ఆ దారినే వస్తాయి."

అత్తయ్య నాలుగో దోసిలి పట్టి, పోసుకోకుండా అందులోకి చూశారు. "అయితే ఇందులో మన ఊరి నీళ్ళున్నాయన్నమాట" అన్నారు. తరవాత, "ఇటు వచ్చినవి బాగానే ఉన్నాయి" అని చేతులు దులుపుకున్నారు.

పడవ ఎక్కేముందు అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. 2017 నవంబరులో ఈ ఎగువనే ఒక పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. అది ఎవరూ నోటితో అనలేదుగాని, పట్టీలు మాత్రం ఎవరికి వారు రెండుసార్లు బిగించుకున్నారు. "ఈ బొంత ఏమిటే, చీర నలిగిపోతుంది" అని అత్తయ్య సణిగారు. చిట్టి అందరికంటే ఆఖరున, నా మణికట్టు పట్టుకుని ఎక్కింది. గాజు ఒకటి చిట్లింది. దాటినంత సేపూ కళ్ళు మూసుకునే ఉంది. నదికి అవతల సీతానగరం కొండ, ఇవతల ఇంద్రకీలాద్రి, 2020లో అమ్మవారి కొండ కింద లేచిన పైవంతెన, దిగువన బ్యారేజీ గేట్ల వరస, ఏదీ ఆ పిల్ల చూడలేదు. నిజం చెప్పొద్దూ, నాకు మావారి మీద కోపం వచ్చింది. భయపడేవాళ్ళని భయం దగ్గరికి లాక్కెళ్ళడం ఏం వైద్యం?

దీవిలో దిగాక మాత్రం ఆ కోపం నిలవలేదు. అంత నీడ! అత్తయ్య చెట్లని పేరుపేరునా పలకరించుకుంటూ నడిచారు, వేప, కానుగ, తుమ్మ అంటూ. ఎక్కడ మామిడి కనపడుతుందా అని వెతుకుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. కాస్త చదునుగా ఉన్నచోట దుప్పటి పరిచాం.

పార్కులో జనాన్ని చూడటంకన్నా మంచి వినోదం లేదు. చెట్టుకొకరు చొప్పున కాలేజీ పిల్లలు ఫోనులకి మొహాలు చూపించుకుంటున్నారు. గుంటూరు వైపునుంచి వచ్చినట్టున్నారు, ఒక పెద్ద కుటుంబం గోంగూర డబ్బా తీస్తే మా దాకా వాసన. పేపరు మొహాన కప్పుకుని ఒకాయన గుర్రుపెడుతున్నాడు. వాళ్ళావిడ పక్కన కూర్చుని ఆయన చెప్పుల్ని కాపలా కాస్తోంది. కొత్తజంట ఒకటి చెట్టు వెనక దాక్కున్నామనుకుని మాకు ఎదురుగా కూర్చుంది. "పాపం, వాళ్ళ ఇంట్లో గదులు తక్కువేమో" అన్నారు అత్తయ్య, తప్పుగా కాదు, నిజంగానే జాలిపడి. అది నిజం కూడా. బెజవాడ అద్దెలకి రెండుగదుల ఇంట్లో అయిదుగురు సర్దుకునేవాళ్ళకి ఆదివారం సాయంత్రం పార్కు బెంచీయే మూడోగది.

మేనల్లుడు ఉయ్యాల దగ్గర వరసలో నిలబడ్డాడు. కాసేపటికి చూస్తే వాడి వెనక అత్తయ్య!

"మామ్మగారూ, ఇది పిల్లలకండీ" అన్నాడు అక్కడి కాపలా మనిషి, నవ్వుతూ.

"ఎనభై దాటితే మళ్ళీ పిల్లలే నాయనా. మా ఊళ్ళో అట్లతద్దికి చింతచెట్టుకి కట్టిన ఉయ్యాల మీద నిలబడి ఊగేదాన్ని. ఏడాదికి ఒక్కరోజే ఊగనిచ్చేవారు. మీరు ప్రతి ఆదివారం ఊగనిస్తున్నారే!"

ఆ అబ్బాయి అటు తిరిగి నిలబడ్డాడు. అత్తయ్య కూర్చున్నారు. "చిట్టీ, తొయ్యవే" అన్నారు. చిట్టి వెళ్ళి నెమ్మదిగా తోసింది. రెండు ఊపులు. మూడో ఊపుకి అత్తయ్య దిగిపోయి, "ఇప్పుడు నువ్వు" అన్నారు. చిట్టి సిగ్గుపడింది, నలభైయేళ్ళదాన్ని నాకేమిటమ్మా అంది. అయినా కూర్చుంది. ఎనభైయేళ్ళ తల్లి నలభైయేళ్ళ కూతురి వీపుమీద చెయ్యి వేసి తోస్తుంటే, వరసలో ఉన్న పిల్లలు ఒక్కళ్ళూ గొడవచెయ్యలేదు. ఉయ్యాల ముందుకి వెళ్ళినప్పుడల్లా చిట్టికి ఎదురుగా కృష్ణ కనపడుతుంది. నేను లెక్కపెట్టాను. పదకొండోసారికి కళ్ళు తెరిచే ఉన్నాయి.

పులిహోర అయ్యాక, పరమాన్నం అయ్యాక, కాఫీ తాగకుండానే చిట్టి దుప్పటి అంచున ఒరిగి నిద్రపోయింది. నీళ్ళ చప్పుడు వినబడేంత దగ్గరలో. అత్తయ్య కొంగుతో ఈగలు తోలుతూ కూర్చున్నారు. మావారు ఏదో చెప్పబోతే వేలెత్తి ఆపారు. ఒక గంట మా అందరికీ పనిలేదు. ఇంట్లో ఒక గంట ఊరికే కూర్చుంటే చేతులు బియ్యం చేటకోసమో, మడత బట్టలకోసమో దేవుకుంటాయి. ఇక్కడ చెయ్యడానికి ఏమీ లేదు, చెయ్యమనేవాళ్ళూ లేరు. మొదటి పావుగంట కష్టంగానే ఉంది. తరవాత అలవాటైపోయింది.

తోటపని చేసే పెద్దమనిషి ఒకాయన ఎండాకులు ఊడ్చుకుంటూ మా చెట్టుకిందికి వచ్చాడు. అత్తయ్య గొంతు తగ్గించి అడిగారు: "మొన్న పెద్దవరదకి ఈ దీవి ఏమైంది నాయనా?"

"మునిగిపోయిందండి మామ్మగారూ. చెట్ల తలకాయలే."

మావారు ఇక ఆగలేకపోయారు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయాయనీ, 2009 అక్టోబరులో వచ్చిన 11 లక్షల 10 వేలను కూడా అది మించిందనీ, అప్పుడు కూడా దీవి మునిగిందనీ గుసగుసగా చెప్పారు. "క్యూసెక్కంటే?" అన్నారు అత్తయ్య. "సెకనుకి ఇరవై ఎనిమిది లీటర్లమ్మా. రెండు బిందెలనుకో." "అయితే?" "అయితే కన్ను మూసి తెరిచేలోగా ఇరవై రెండు లక్షల బిందెల పైమాటే." అత్తయ్య ఆ బిందెల్ని ఊహించుకుంటున్నట్టు నది వైపు చూశారు. 1855లో తొలి ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి, 1952 వరదలో అది దెబ్బతినడం, 1957లో 70 గేట్ల బ్యారేజీ లేవడం దాకా మావారు పాఠం సాగించారుగాని, ఆవిడ వినటంలేదు.

"మునిగాక ఏం చేశారు?" అన్నారు తోటమనిషితో.

"చేసేదేముందండి. నీళ్ళు తీశాయి. బురద ఎత్తిపోశాం. విరిగిన కొమ్మలు కొట్టేశాం. గడ్డి దానంతటదే మొలిచింది." చీపురుతో ఒక కొమ్మ సందుని చూపించాడు. ఎండిన తుంగ, గుడ్డపీలిక, ఏదో ప్లాస్టిక్ సంచీ చిక్కుకుని ఉన్నాయి, నా తలకంటే రెండుమూరల ఎత్తున.

ఆయన వెళ్ళాక అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నాతోనే అన్నట్టు, "మా చిన్నప్పుడు మన ఏటి ఒడ్డున కూడా ఇంత జాగా వదిలేసేవాళ్ళే అమ్మాయ్. ఎవరిదీ కాదు ఆ నేల. ఏరు పొంగితే ఏటిది, పొంగనప్పుడు పశువులది. దానిమీద ఒక్క చెట్టు నాటినా పెద్దవాళ్ళు కేకలేసేవారు" అన్నారు.

నేనేమీ అనలేదు. సింగ్‌నగర్‌లో ఇల్లు కొన్నవాళ్ళు ఏటిని ఆక్రమిద్దామని కొన్నారా? పుస్తెలు తాకట్టుపెట్టి, బ్యాంకులో సంతకాలు పెట్టి, సబ్‌రిజిస్ట్రారు ముందు వేలిముద్రలు వేసి కొన్నారు. దస్తావేజులో తూర్పు ఫలానా వారి గోడ, పడమర ఫలానా రోడ్డు అని నాలుగు హద్దులూ ఉంటాయి. నీళ్ళు ఎంతదాకా వస్తాయో రాసే గడి అందులో లేదు. ఊరు పెరిగేటప్పుడు ఏటికి ఎంత వదలాలో చూడవలసింది చిట్టి కాదు. ఆ సంగతి ఎవరెవరు చూడాలో వాళ్ళు ఇప్పుడైనా చూస్తే మంచిదని మాత్రం అనుకున్నాను, పైకి అనలేదు. ఆదివారం పూట నిద్రపోతున్న పిల్ల పక్కన ఆ మాటలెందుకు?

చిట్టి లేచేసరికి పొద్దు వాలుతోంది. "ఎంతసేపు పడుకున్నాను వదినా? లేపలేదేం?" అని కంగారుగా జుట్టు ముడేసుకుంది. ఫ్లాస్కులో మిగిలిన కాఫీ చల్లారిపోయింది, అయినా తాగింది. మేనల్లుడు ఎక్కడినుంచో గుప్పెడు కానుగ కాయలు ఏరుకొచ్చి అమ్మమ్మ ఒళ్ళో పోశాడు. "అమ్మమ్మా, కాయలు కాయవన్నావుగా?" అత్తయ్య ఒకటి గోటితో ఒలిచి చూసి, "ఇవి తినేవి కాదురా, దీపంలోకి నూనె తీసేవాళ్ళం" అన్నారు. పారెయ్యలేదు. కొంగున ముడివేసుకున్నారు.

తిరుగు పడవలో చిట్టి అంచున కూర్చుంది. కాసేపు చెయ్యి నీళ్ళకి దగ్గరగా పెట్టి, మళ్ళీ తీసేసుకుంది. ఇంద్రకీలాద్రి మీద దీపాలు వెలుగుతున్నాయి.

"అమ్మా" అంది ఉన్నట్టుండి, "నేను ఇల్లు అమ్మను."

నేను మావారి వైపు చూశాను. ఆయన చప్పున గిన్నెల సంచీ సర్దుకోవడం మొదలుపెట్టారు.

"నా బేరాలన్నీ అక్కడే. ఆయన పని ఆటోనగర్‌లో. వీడి స్కూలు ఆ వీధిలో. అయిదురోజులు అన్నం పెట్టిన పక్కింటివాళ్ళు అక్కడే ఉన్నారు. మైలవరం వస్తే నాకెవరు జాకెట్టు ఇస్తారు? వాన వస్తే భయమే, కాదనను. నువ్వు ఫోనులో ఏడిస్తే ఆ భయం ఇంకా ఎక్కువవుతోందమ్మా."

మోటారు శబ్దం తప్ప ఇంకేం లేదు. అత్తయ్య కొంగుముడి విప్పి, మళ్ళీ వేశారు.

"అమ్మమని ఎవరన్నారే ఇప్పుడు?" అన్నారు.

ఏడాదిన్నరగా రోజూ అంటున్న మాటని ఆవిడ అంత నిబ్బరంగా కొట్టిపారేస్తుంటే, మావారు సంచీలోనే తల పెట్టుకుని నవ్వు ఆపుకున్నారు.

"డాబా మీద ఒక గది వేయించుకోండి" అన్నారు అత్తయ్య. "మిషనూ, వాళ్ళిచ్చిన గుడ్డలూ, వీడి పుస్తకాలూ పైన పెట్టు. బియ్యం డబ్బా కూడా. కింద మంచాలూ కుర్చీలే ఉంచు; తడిస్తే కడుక్కోవచ్చు. గది ఖర్చులో సగం నేనిస్తాను, ఈ ఏడు కాపు బాగుంటే."

"బాగుండకపోతే?" అంది చిట్టి.

"పావు ఇస్తాను."

"మరి మిగతాది?"

"మీ అన్నయ్యనడుగు. వాడొక్కడే ఇవాళ బస్సుకి టిక్కెట్టు కొన్నాడు, డబ్బున్నవాడు."

పడవ ఘాట్‌కి ఆనింది. చిట్టి అందరికంటే ముందు మెట్టుమీదికి దిగి, వెనక్కి తిరిగి వాళ్ళమ్మకి చెయ్యి అందించింది.